కాలిఫోర్నియాలో పెద్దమ్మ కోసం రక్షణ ఉత్తర్వు అడగాలి, తెలిసినవాళ్లు చెప్పండి

మా పెద్దమ్మకు 71 ఏళ్లు. కాలిఫోర్నియాలో కొడుకు దగ్గర ఉంటోంది. పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు, బ్యాంకు కార్డు అన్నీ అన్నయ్య దగ్గరే. ఊళ్లో పొలం అమ్మిన డబ్బు ఏమైందని అడిగితే మీద చెయ్యి చేసుకున్నాడట. మాతో ఫోన్‌లో కూడా మాట్లాడనివ్వడు. పక్కింటావిడ ఫోన్ నుంచి దొంగచాటుగా చేసింది పాపం.

అక్కడ 65 దాటినవాళ్లు ఈఏ-100 ఫారంతో కోర్టులో రక్షణ ఉత్తర్వు అడగొచ్చని, ఫీజు ఉండదని చదివాను. కొట్టడమే కాదు, డబ్బు కాజేయడం, ఎవరితోనూ కలవనివ్వకపోవడం కూడా వేధింపు కిందికే వస్తాయట. విచారణ తర్వాత ఇచ్చే ఉత్తర్వు ఐదేళ్ల దాకా ఉండొచ్చు.

నా టెన్షన్ ఇల్లు గురించి. అది అన్నయ్య ఒక్కడి పేరు మీదే ఉంది. అలాంటప్పుడు అతన్ని బయటికి పంపమని కోర్టు చెప్పదట. మరి కోర్టు కాగితాలు అతని చేతికి అందిన రోజు రాత్రి పెద్దమ్మ ఎక్కడ ఉండాలి? అదే ఇంట్లో ఉంటూ, కొట్టకూడదు, బెదిరించకూడదు అని మాత్రమే ఉత్తర్వు తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? కొడుకు జైలుకెళ్లడం ఆవిడకు అస్సలు ఇష్టం లేదు.

ఆవిడకు ఇంగ్లీషు రాదు, నేనేమో టెక్సాస్‌లో ఉన్నాను. ముందు కౌంటీ వృద్ధుల రక్షణ విభాగానికి ఫోన్ చేయాలా, నేరుగా కోర్టుకే వెళ్లాలా? విచారణలో తెలుగు దుబాసీ దొరికారా? దయచేసి మీ అనుభవం రాయండి.