రేడియో సిలోన్ ఘనత కేస్కర్ గారిదేనా?

పాత పాటల పిచ్చి:
1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ గారికి శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం, సినిమా పాటంటే గిట్టదు. ఆకాశవాణిలో సినిమా పాటలకు గేటు వేశారు. జనం ఊరుకుంటారా? రేడియో ముల్లు సిలోన్ (ఇప్పటి శ్రీలంక)లోని కొలంబో నుంచి వచ్చే రేడియో సిలోన్ వైపు తిప్పారు. ఆయన పట్టుదలే లేకపోతే రేడియో సిలోన్‌ను మన దేశంలో పట్టించుకునే నాథుడే ఉండేవాడు కాదని నా వాదన. ఇందులో వాదించడానికి ఏమీ లేదనుకుంటాను. ఉందనేవారు చెప్పండి.

మీటర్ బ్యాండ్:
బోలెడు ఉంది. సిలోన్ వాణిజ్య విభాగం మొదలైంది 1950 సెప్టెంబరు 30న. అప్పటికి కేస్కర్ ఆ శాఖ గడపే తొక్కలేదు.

అసలు బలం ట్రాన్స్‌మిటర్‌లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో మౌంట్‌బాటెన్ ఆధ్వర్యంలోని ఆగ్నేయాసియా సైన్యాల కోసం కొలంబోలో ఒక రేడియో స్టేషన్ నడిపారు. దానికి 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ ఉండేది. దేశదేశాల్లో ఉన్న సైనికులకు వినిపించాలని పెట్టిన యంత్రం అది. యుద్ధం ముగిశాక సిలోన్ ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ చిన్న ద్వీపానికి అంత శక్తి ఎందుకు? సముద్రం దాటితే కోట్ల మంది శ్రోతలు, వారికి సబ్బులూ టూత్‌పేస్టులూ అమ్ముకోవాలనుకునే కంపెనీలు. ఆకాశవాణిలో ప్రకటనలకు చోటే లేదు. కొలంబో పథకం (ఆసియా దేశాలకు సాంకేతిక సాయం చేసే ఏర్పాటు) కింద ఆస్ట్రేలియా నుంచి వచ్చిన క్లిఫర్డ్ డాడ్ వాణిజ్య విభాగాన్ని నడిపిస్తే, ప్రకటనల బేరాలు బొంబాయిలో కుదిరేవి. కార్యక్రమాలు కూడా అక్కడే రికార్డు చేసి టేపులు కొలంబోకు పంపేవారు. 1952 డిసెంబరులో మొదలైన హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా అలా పుట్టిందే. గొంతు అమీన్ సయానీది, ఖర్చు టూత్‌పేస్టు వారిది.

ఇక గేటు సంగతి. ఆకాశవాణి సినిమా పాటల వాటా తగ్గించింది, వడపోత పెట్టింది, పాటతో పాటు సినిమా పేరు చెబితే అది ఉచిత ప్రచారమవుతుందని మానేసింది. పేరే చెప్పనప్పుడు మాకేం లాభమని నిర్మాతలు పాటల హక్కులు వెనక్కి తీసుకున్నారు. అంటే గేటు వేయడంలో రెండు చేతులున్నాయి. మనవాళ్లు ఒక్క చేతినే తిడతారు.

బెజవాడ శ్రోత:
మీ ఇద్దరి గొడవా హిందీ పాటల గురించే. సిలోన్ నుంచి తెలుగు పాటలు కూడా వచ్చేవన్న సంగతి గుర్తుందా? మీనాక్షి పొన్నుదురై గారి గొంతు మా ఇంట్లో మేనత్త గొంతంత పరిచయం.

మా తాతగారిది వాల్వు రేడియో. స్విచ్చి వేశాక వేడెక్కి, మూలన పచ్చకన్ను వెలిగేదాకా కాచుకోవాలి. వరండాలో ఈ గోడ నుంచి ఆ గోడకు రాగితీగ జాలీ పట్టీ కట్టి ఉండేది, అదే ఏరియల్. పల్లవి చక్కగా వినిపించేది, చరణంలోకి వచ్చేసరికి పాట ఎటో తేలిపోయేది. మళ్లీ దగ్గరకు వచ్చేసరికి ఆఖరి పల్లవి. బెజవాడ కేంద్రం 1948 నుంచే ఉంది, స్పష్టంగా వినిపించేది కూడా. అయినా ఆ గరగరలోనే పాట వినాలని తాతగారి పంతం. ఇందులో మంత్రిగారి పాత్ర ఎంతో, ట్రాన్స్‌మిటర్ పాత్ర ఎంతో నాకు తెలియదు గానీ, చెవి కోసుకునే పిచ్చి పాత్ర మాత్రం పెద్దదే.

పాత పాటల పిచ్చి:
మేనత్త పోలిక బాగుంది. కానీ అక్కడే నా మాట నెగ్గుతోంది చూడండి. స్పష్టంగా వినిపించే కేంద్రాన్ని వదిలి గరగర ఎందుకు భరించారు? కావలసిన పాట ఇక్కడ దొరకలేదు కాబట్టి. 1957లో ప్రభుత్వమే దిగివచ్చి వివిధ భారతి పెట్టింది. అంతకన్నా సాక్ష్యం కావాలా? హార్మోనియంను కూడా రేడియో నుంచి గెంటేసిన మనిషండీ ఆయన!

మీటర్ బ్యాండ్:
హార్మోనియంను గెంటింది 1940లో, తెల్లవాళ్ల హయాంలో. కేస్కర్ దాన్ని కొనసాగించారంతే. ఆయన ఖాతాలో చాలానే ఉన్నాయి, లేనివి కలపనక్కర్లేదు.

వివిధ భారతి మీద మీరు చెప్పింది నాకే పనికొస్తుంది. 1957 అక్టోబరు 3న అది వచ్చింది, సినిమా పాటలు ఇంటికే వచ్చాయి. 1962లో కేస్కర్ పదవి నుంచి వెళ్లిపోయారు. మీ లెక్కన సిలోన్ ఆ ఏడాదికల్లా మూతపడాలి. గీత్‌మాలా మాత్రం 1980ల చివరి దాకా కొలంబో నుంచే నడిచింది. ఝుమ్రీ తలైయా లాంటి చిన్న ఊరి నుంచి వెళ్లే ఉత్తరాలు ఆగలేదు. శ్రోత పేరు, ఊరి పేరు చదవడం, పాటలకు వరుస సంఖ్యలు ఇచ్చి వారం వారం పందెంలా నడపడం, ఇవన్నీ ప్రకటనల డబ్బుతో నేర్చిన విద్యలు. వివిధ భారతిలో ప్రకటనలు మొదలయ్యాయంటే అది 1967 నవంబరు 1న, అదీ ముందు బొంబాయి, పుణె, నాగపూర్‌లలోనే. ఆకాశవాణి పదిహేడేళ్లు ఆలస్యంగా మేలుకుంది.

అనుమానాల పుట్ట:
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మన టూత్‌పేస్టు, మన పాట, మన వ్యాఖ్యాత, మన శ్రోత. డబ్బు మాత్రం కొలంబోకు. ఆ రోజుల్లో విదేశీ మారకం కోసం అంత కటకటలాడిన ప్రభుత్వం దీన్ని ఇన్నేళ్లు ఎలా చూస్తూ ఊరుకుంది?

మీటర్ బ్యాండ్:
ఊరుకోలేకే 1967 వచ్చిందని నా అభిప్రాయం. అంతకు ముందే ఆకాశవాణి పనితీరును పరిశీలించడానికి ప్రభుత్వం వేసిన అశోక్ చందా కమిటీ కూడా వాణిజ్య ప్రసారాలు పెట్టమని సిఫారసు చేసింది.

పాత పాటల పిచ్చి:
సరే, ట్రాన్స్‌మిటర్, ప్రకటనలు, వ్యాఖ్యాత అన్నీ ఒప్పుకుందాం. మీరు చెప్పిన ఆ 100 కిలోవాట్లు 1950లోనూ ఉన్నాయి, 1951లోనూ ఉన్నాయి. మరి గీత్‌మాలా 1952 డిసెంబరు దాకా ఎందుకు ఆగింది? కేస్కర్ మంత్రి అయిన నెలల్లోనే ఎందుకు మొదలైంది? దీనికి సమాధానం చెప్పి అప్పుడు నా నోరు మూయించండి.