వీఓఐపీ శిక్షణ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నేను ఒక కార్యాలయంలో ఈపీఏబీఎక్స్ (కార్యాలయ టెలిఫోన్ ఎక్స్‌చేంజ్) నిర్వహణ చూస్తున్నాను. మా లైన్లన్నీ ఐపీ ఫోన్లకు మారుతున్నందున వీఓఐపీ (ఐపీ నెట్‌వర్క్ మీద ఫోన్ కాల్స్ నడిపే పద్ధతి) నేర్చుకోవాలనుకుంటున్నాను. సిస్కో కంపెనీ వారి సీసీఎన్‌ఏ వాయిస్ సర్టిఫికెట్ ఇంకా ఉన్నదా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: లేదండీ. దాని తరువాత వచ్చిన సీసీఎన్‌ఏ కొలాబరేషన్‌ను కూడా సిస్కో 2020 ఫిబ్రవరిలో నిలిపివేసింది. ముందు మామూలు సీసీఎన్‌ఏ (నెట్‌వర్కింగ్ ప్రాథమిక సర్టిఫికెట్) చదివి, ఆపైన సీసీఎన్‌పీ కొలాబరేషన్‌కు (వాయిస్, వీడియోల పై స్థాయి సర్టిఫికెట్‌కు) వెళ్ళడం మంచిది. పాత పేరుతో ఎవరైనా ఫీజు అడిగితే సిలబస్ చూడకుండా కట్టకండి.

జవాబు 2: సర్టిఫికెట్ సంగతి అలా ఉంచి, పాత కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఆస్టెరిస్క్ అనే టెలిఫోన్ ఎక్స్‌చేంజ్ సాఫ్ట్‌వేర్ వేసుకుని, రెండు సాఫ్ట్‌ఫోన్ల (ఫోన్‌లా పనిచేసే యాప్‌ల) మధ్య కాల్ కలిపి, ఇన్వైట్, 180 రింగింగ్, 200 ఓకే, ఏసీకే సందేశాలు ఏ వరుసలో నడుస్తున్నాయో నెట్‌వర్క్ ప్యాకెట్లను చూపే వైర్‌షార్క్‌లో గమనిస్తే, సిప్ (కాల్‌ను కలిపే, ముగించే నియమావళి) తరగతి గదిలో కంటే బాగా అర్థమవుతుంది. కాల్ కలిసినా ఒకవైపే మాట వినబడుతుంటే ముందుగా నాట్‌ను (రూటర్ ప్రైవేట్ చిరునామాను పబ్లిక్ చిరునామాగా మార్చడాన్ని) అనుమానించండి; ఎస్‌డీపీలో (మాటను ఏ చిరునామాకు పంపాలో చెప్పే భాగంలో) ప్రైవేట్ చిరునామా వెళ్ళినప్పుడు అవతలి ఫోన్ మాటను మోసే తన ఆర్‌టీపీ ప్యాకెట్లను చేరలేని చోటికి పంపుతుంది.

జవాబు 3: బ్యాండ్‌విడ్త్ లెక్క కూడా నేర్చుకోండి. జీ.711 కోడెక్‌కు (మాటను డిజిటల్‌గా మార్చే పద్ధతికి) 64 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) అని పుస్తకాల్లో ఉన్నా, 20 మిల్లీసెకన్ల ప్యాకెట్లకు హెడర్లు (చిరునామాల వంటి అదనపు సమాచారం) కలిశాక ఈథర్‌నెట్‌పై ఒక్కో దిశలో దాదాపు 87 కేబీపీఎస్ అవుతుంది. ఇంటర్వ్యూల్లో ఇది తరచుగా అడుగుతారు.