సీబీనాట్‌లో రెసిస్టెన్స్ లేదన్నారు, మళ్ళీ తెమడ ఎందుకు అడుగుతున్నారు?

ప్రశ్న: మా నాన్నకి ఊపిరితిత్తుల టీబీ. సీబీనాట్ (తెమడలో టీబీ బ్యాక్టీరియా డీఎన్‌ఏ వెతికే పరీక్ష) రిపోర్టులో టీబీ ఉందని, రిఫాంపిసిన్ అనే టీబీ మందుకి రెసిస్టెన్స్ (లొంగకపోవడం) లేదని వచ్చింది. మాత్రలు మొదలయ్యాయి. ఇప్పుడు ఎల్‌పీఏకి పంపాలి, మళ్ళీ తెమడ ఇవ్వండి అంటున్నారు. లేదని తేలాక ఇంకేం చూస్తారు? ఇంట్లో ఒకటే టెన్షన్.

జవాబు, ల్యాబ్ టెక్నీషియన్: కంగారు పడకండి, అందరికీ చేసే పరీక్షే. మీ చేతిలో ఉన్న రిపోర్టు రిఫాంపిసిన్ ఒక్కదాని సంగతే చెబుతుంది. మామూలు సీబీనాట్ చూసేది ఆర్‌పీఓబీ అనే జన్యువులో చిన్న ముక్కని. అందుకే దాదాపు 2 గంటల్లో తేల్చేస్తుంది. కానీ నాన్నగారి మాత్రలో ఐసోనియాజిడ్ అనే ఇంకో మందు కూడా ఉంది కదా. దానికి లొంగని బ్యాక్టీరియా ఉన్నా మీ రిపోర్టు అచ్చం ఇలాగే వస్తుంది. అది పట్టుకోవడానికే ఎల్‌పీఏ, అంటే లైన్ ప్రోబ్ అస్సే అనే జన్యు పరీక్ష.

అందులో సన్నటి స్ట్రిప్ మీద గీతలు తేలతాయి. మామూలు బ్యాక్టీరియాకి ఉండాల్సిన గీత కనబడకపోయినా, మ్యుటేషన్ (జన్యువులో మార్పు) గీత వచ్చినా రెసిస్టెన్స్ ఉందని అనుమానించాల్సిందే. క్యాట్‌జీ జన్యువులో మార్పుంటే ఐసోనియాజిడ్ మీద ఆశ వదులుకోవాలి. ఐఎన్‌హెచ్‌ఏ అనే ఇంకో జన్యువు దగ్గర మాత్రమే మార్పుంటే డోసు పెంచితే పనిచేయొచ్చు. అది డాక్టరు చూసుకుంటారు. ఐసోనియాజిడ్ ఒక్కటే పనిచేయట్లేదని తేలితే సాధారణంగా దాని బదులు లీవోఫ్లాక్సాసిన్ అనే మందు చేర్చి 6 నెలలు ఇస్తారు.

ప్రశ్న: రిపోర్టు వచ్చేదాకా మాత్రలు ఆపమంటారా?

జవాబు: అస్సలు ఆపొద్దు. తెమడలో బ్యాక్టీరియా బాగా ఉంటే కొద్దిరోజుల్లో రిపోర్టు వస్తుంది. తక్కువుంటే ముందు కల్చర్‌లో (ల్యాబ్‌లో బ్యాక్టీరియాని పెంచే పద్ధతి) పెంచాలి, దానికి వారాలు పడుతుంది. ద్రవ కల్చర్‌లో ఏమీ పెరగలేదని చెప్పడానికే 42 రోజులు చూస్తారు.

శాంపిల్ మాత్రం సరిగ్గా ఇప్పించండి. మా దగ్గరికొచ్చే డబ్బాల్లో కొన్నిట్లో ఉత్త ఉమ్మే, నురగ తేలుతూ. పొద్దున లేవగానే నీళ్ళతో పుక్కిలించి, ఆరుబయట నిలబడి, గట్టిగా ఊపిరి పీల్చి లోపల్నుంచి దగ్గాలి. చిక్కగా కనీసం 2 మిల్లీలీటర్లు ఉండాలి. మూత బిగించారో లేదో చూడండి, దారిలో కారితే మళ్ళీ రమ్మంటారు.

మరో సభ్యురాలు: మావారికి రెండు నెలల కోర్సు అయింది. తగ్గిందో లేదో తెలుసుకోడానికి బయట డబ్బు కట్టి సీబీనాట్ చేయించనా?

జవాబు: వద్దండి. చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఉన్నా అది పాజిటివ్ చూపిస్తుంది, ఊరికే భయపడతారు. ఇప్పుడు కావాల్సింది మైక్రోస్కోపు కింద తెమడ పరీక్ష. అందులో ఇంకా కనబడితే రెసిస్టెన్స్ కోసం మళ్ళీ శాంపిల్ ఆసుపత్రి వాళ్ళే పంపుతారు.