అప్‌డేట్: ఉపవాసం మానేస్తే దీవెన పోతుందా అని అడిగాను కదా

షుగర్ వల్ల శుక్రవారం ఉపవాసం మానేస్తే, ఇంటికి దీవెన ఆగిపోతుందని సంఘంలో ఒక పెద్దావిడ అన్నారని రాశాను. బైబిల్లో పౌలు గలతీ సంఘాలకు రాసిన పత్రిక 3వ అధ్యాయం చదవమన్న అందరికీ వందనాలు. మా బొబ్బిలిలో పాస్టరమ్మ గారితో కూర్చుని చదివాను. యూదుల మూలపురుషుడు అబ్రాహామును దేవుడు నీతిమంతుడిగా ఎంచింది ఆదికాండం 15వ అధ్యాయంలో, నమ్మినందుకే. సున్నతి ఆచారం 17వ అధ్యాయంలో గానీ రాలేదు! మోషే ధర్మశాస్త్రమైతే దేవుడు అబ్రాహాముకు చేసిన వాగ్దానం తర్వాత 430 ఏళ్లకు వచ్చిందంటాడు పౌలు. మరి ఏం పాటించాడని అంత దీవెన? యేసు సిలువ మీద మన శాపాన్ని మోసింది ఆ దీవెన అన్యజనులకూ, అంటే యూదులు కాని మాబోటి వాళ్లకూ రావాలనే (3:13-14). అక్కడికొచ్చేసరికి ఏడుపు ఆగలేదు. ఉపవాసం తప్పని అనను, ప్రభువు మీద ప్రేమతో చేసేవాళ్లు చేయండి. నేనైతే ఇంత చోడి (రాగి) అంబలి తాగి, మాత్ర వేసుకుని, భయం లేకుండా ప్రార్థనకు వెళ్తున్నాను.