పరగడుపున 112, మూడు నెలల సగటు 7.9: ఏది నమ్మాలి?

బైరాగిపట్టెడ గృహిణి:
నా వయసు 46 ఏళ్లు. ఆరేళ్లుగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. గత వారం తిరుపతిలోని ఒక ల్యాబులో చేయించిన పరీక్షలో పరగడుపు షుగరు 112, టిఫిను తిన్న రెండు గంటలకు 148 వచ్చాయి. అదే కాగితం మీద కాస్త కిందుగా, మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ 7.9 అనీ, దాని పక్కన సగటు షుగరు 180 అనీ అచ్చయి ఉంది. ఇంట్లో రోజూ ఉదయం మీటరుతో చూసి పుస్తకంలో రాసుకుంటాను. మూడు నెలల్లో 130 దాటిన రోజులు నాలుగే. మీటరు చెడిపోయిందని మావారు అంటుంటే, నేను చాటుగా బెల్లం తింటున్నానని మా అత్తయ్య తేల్చేశారు. ఇది చాలదన్నట్టు, కిడ్నీల పరిస్థితి తెలుసుకోవడానికి మూత్రంలో చూసే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ నిష్పత్తి ఎక్కువగా, 52 వచ్చింది. పరీక్షకు ముందు రోజే అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్లివచ్చాము. ఈసారి గాలిగోపురం చేరేలోపే నాలుగుచోట్ల కూర్చోవలసి వచ్చింది. ఇలాంటి కాగితం చేతికొచ్చినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

చిత్తూరు మాస్టారు:
అమ్మా, ఆ 180 ఎవరూ కొలిచినది కాదు. హెచ్‌బీఏ1సీ అంకెను 28.7తో గుణించి, వచ్చినదానిలోంచి 46.7 తీసివేస్తే సగటు షుగరు వస్తుంది; 7.9కి లెక్క వేసి చూడండి, సరిగ్గా 180. కనుక అనుమానించవలసింది 7.9ని మాత్రమే. అయితే దానికి ముందు మీ పుస్తకాన్ని కూడా కొంచెం అనుమానించండి. నేను పరగడుపు 118 చూసి ఏడాదిపాటు మురిసిపోయినవాణ్ణి. ఒకరోజు మా అబ్బాయి పట్టుబట్టి మధ్యాహ్నం సంగటి తిన్న రెండు గంటలకు వేలు గుచ్చితే 240 వచ్చింది. రాగి సంగటి షుగరుకు మంచిదని మన జిల్లాలో అందరూ అంటారు గానీ, ముద్ద ఎంతుండాలో ఎవరూ చెప్పరు.

ల్యాబు టెక్నీషియన్, తిరుపతి:
మాస్టారు గారు చెప్పినదానికి మా పని వైపు నుంచి ఒక మాట కలుపుతాను. తీసిన రక్తంలోంచి కణాలను వేరుచేయకుండా మామూలు గొట్టంలో ఉంచేస్తే, అందులోని కణాలే గ్లూకోజును వాడుకోవడం వల్ల గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. అందుకే షుగరుకు ఫ్లోరైడు కలిపిన బూడిదరంగు మూత గొట్టం వాడతాము. పల్లెల్లో ఉదయం సేకరించిన రక్తం మధ్యాహ్నానికి పట్నం చేరే సందర్భాల్లో ఈ తేడా పెద్దదవుతుంది. మీ విషయంలో ఇది జరిగి ఉండదనుకుంటాను, ఎందుకంటే ఇంటి మీటరు అప్పటికప్పుడు వేలి చుక్కతో చూస్తుంది, అదీ ల్యాబూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. మీటరుకు 15 శాతం అటూఇటూ ఉండడం తప్పు కాదు. ల్యాబులో 112 అయితే ఇంట్లో 95 వచ్చినా, 129 వచ్చినా ఒప్పుకోవలసిందే.

పలమనేరు చెల్లెలు:
అక్కా, నాలుగుచోట్ల కూర్చున్నానన్న మాట దగ్గర ఆగిపోయాను. మీ హిమోగ్లోబిన్ ఎంత? రెండేళ్ల క్రితం నాకు హెచ్‌బీఏ1సీ ఒక్కసారిగా పెరిగితే, మాత్ర పెంచే ముందు డాక్టరమ్మ ఒంట్లో ఇనుము నిల్వ చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించారు. ఇనుము లోపిస్తే కొత్త ఎర్రకణాలు తక్కువగా పుడతాయి, ఉన్నవాటిలో ముసలివే ఎక్కువవుతాయి, ఎక్కువ రోజులు తిరిగిన కణానికి ఎక్కువ చక్కెర అంటుకుని ఉంటుంది అని వివరించారు. షుగరు పెరగకపోయినా ఆ అంకె పెరుగుతుందట. మూత్రం పరీక్ష మాత్రం మెట్లెక్కిన మరునాడు చేయించి ఉండకూడదు. బాగా శ్రమపడినా, జ్వరం వచ్చినా ఆల్బుమిన్ తాత్కాలికంగా పెరుగుతుంది.

చంద్రగిరి వాసి:
రక్తం తగ్గితే హెచ్‌బీఏ1సీ కూడా తగ్గుతుందని మా డాక్టరు గారు చెప్పారే? మా నాన్నగారికి ఆపరేషన్ సమయంలో రక్తం ఎక్కించాక 8.2 ఉన్నది 6.4కి దిగింది. మేము మందు పనిచేసిందని సంబరపడ్డాము కూడా.

ల్యాబు టెక్నీషియన్, తిరుపతి:
రెండూ నిజమేనండి. ఒక్కసారిగా రక్తం పోయినా, ఎక్కించినా, కణాలు తొందరగా చితికిపోయే జబ్బు ఉన్నా అంకె తగ్గుతుంది. నెలల తరబడి ఇనుము లోపం ఉంటే పెరుగుతుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులనే లెక్క మీద ఈ పరీక్ష నిలబడి ఉంది. ఆ లెక్క తప్పితే అంకె ఏ వైపుకైనా జరుగుతుంది.

బైరాగిపట్టెడ గృహిణి:
మూడు వారాలకు మళ్లీ రాస్తున్నాను. హిమోగ్లోబిన్ 8.9, ఫెరిటిన్ 6 అని, రెండూ తక్కువేనని తేలింది. నెలసరి ఎక్కువగా అవుతున్న సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు దానికీ పరీక్షలు జరుగుతున్నాయి. నడక లేకుండా రెండు రోజులు ఆగి ఇచ్చిన మూత్రంలో ఆల్బుమిన్ నిష్పత్తి 14, అంటే మామూలే. డాక్టరు గారు మెట్‌ఫార్మిన్ మోతాదు కదపలేదు. రెండు మూడు వారాల సగటు చూపే ఫ్రక్టోసమిన్ పరీక్ష రాశారు, ఐరన్ మొదలుపెట్టారు. ఐరన్ వల్ల కొత్త కణాలు పుట్టి హెచ్‌బీఏ1సీ దానంతటదే దిగుతుందనీ, దాన్ని చూసి షుగరు తగ్గిందనుకోవద్దనీ ముందే హెచ్చరించారు.

మాస్టారు గారూ, మీ అనుమానం కూడా వృథా పోలేదు. పుస్తకంలో మధ్యాహ్నానికి ఒక గడి గీశాను. మొన్న అందులో 214 పడింది, నిన్న 171. మధ్యలో తగ్గించింది సగం సంగటి ముద్ద. అత్తయ్య స్వయంగా పక్కన కూర్చుని చూశారు కాబట్టి బెల్లం మాట ఇక రాలేదు.