ఖిల్లాకు పిల్లల్ని తీసుకెళ్తే దగ్గరుండి చెప్పేవాళ్లు ఎవరు? వరంగల్‌లో మ్యూజియం చదువు ఎక్కడ మొదలుపెట్టాలి?

సోషల్ మేడమ్, వరంగల్:

నేను వరంగల్ పక్కన ఒక ప్రభుత్వ హైస్కూల్‌లో సోషల్ చెప్తాను. ఏడో తరగతిలో కాకతీయుల పాఠం వచ్చిన ప్రతిసారీ ఒకటే బాధ, ఇంత దగ్గర్లో కోట పెట్టుకుని పుస్తకంలో బొమ్మ చూపించడం ఏంటని. ఈ ఏడు పట్టుబట్టి హెచ్‌ఎం గారిని ఒప్పించి 46 మందిని బయల్దేరదీశాను. పొద్దున ఒక మ్యూజియం, మధ్యాహ్నం ఖిల్లా, అదే మన వరంగల్ కోట. ఆ మ్యూజియం పేరు, ఊరి పేరు రాయను గానీ అక్కడ జరిగింది రాస్తాను. లోపల అడుగుపెట్టిన దగ్గర్నుంచి "ముట్టుకోకండి, ఆగకండి, లైన్‌లో నడవండి" అన్న మాట తప్ప ఇంకో మాట వినలేదు. విగ్రహాల కింద అట్టల మీద ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు, రాయి పేరూ శతాబ్దమూ, అంతే. 20 నిమిషాల్లో బయట ఉన్నాం. ఒక పిల్లాడు "అయిపోయిందా మేడమ్?" అని అడిగితే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఖిల్లాలో కీర్తి తోరణాల దగ్గర కాసేపు కూర్చున్నాం. అప్పుడు ఒక అమ్మాయి, "మేడమ్, తోరణం గుమ్మానికి కదా ఉంటుంది, ఇక్కడ నాలుగు దిక్కులా నాలుగు గుమ్మాలున్నాయి, మరి ఇల్లేది?" అంది. ఆ ఒక్క ప్రశ్న మీద గంట సేపు నడిపించొచ్చు. మధ్యలో స్వయంభూ శివుడి గుడి ఉండేదని, చుట్టూ పడి ఉన్న స్తంభాలు, చెక్కిన రాళ్లు దాని తాలూకువేనని నాకు తెలుసు, కానీ అప్పటికే టైమ్ అయిపోయి బస్సు డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. రెండు ముక్కల్లో చెప్పి లేపేశాను. ఇప్పటికీ ఆ అమ్మాయి ముఖం గుర్తొస్తుంది.

2021లో రామప్పకు ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది, 2022లో యునెస్కో లెర్నింగ్ సిటీల జాబితాలో వరంగల్ చేరింది, రెండుసార్లూ మా బడిలో చప్పట్లు కొట్టించాను. బడి పిల్లలు వస్తే కూర్చోబెట్టి చూపించి, అడిగించి, చేతితో ఏదైనా చేయించి పంపే మనిషి మాత్రం నాకు దొరకలేదు. అలాంటి ఏర్పాటు ఎట్లా వస్తుంది? ఎవరైనా చేసి ఉంటే చెప్పండి, చిన్నదైనా సరే.

నాంపల్లి నుంచి:

మేడమ్, నేను హైదరాబాద్ మ్యూజియాల్లో కొన్నేళ్లు బడి పిల్లలకు చూపించే పని చేశాను. మీకు ఎదురైనట్టే నాకూ చాలాసార్లు ఎదురైంది, కాబట్టి నేర్చుకున్నది చెప్తాను. అన్నీ చూపించాలనే ఆశ ముందు వదలండి. 46 మంది ఉంటే నాలుగు గుంపులు, ఒక్కో గుంపుకు మూడే వస్తువులు, ఒక్కో వస్తువు ముందు పది నిమిషాలు నేల మీద కూర్చోవడం. మొదటి మూడు నిమిషాలు మీరు నోరు తెరవకూడదు, వాళ్లకు ఏం కనిపిస్తోందో వాళ్లే చెప్పాలి. పేరు, సంవత్సరం, రాజు చివర్లో. ఈ వరుస తిరగేసి పేరుతో మొదలుపెడితే పిల్లలు నోట్‌బుక్ తీసి రాసుకుంటారు, రాయి వైపు తల ఎత్తరు.

సాలార్‌జంగ్‌లో మ్యూజికల్ క్లాక్ ముందు జనాన్ని చూసే ఉంటారు. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి వెళ్తుంది. ఆ మ్యూజియం చూసొచ్చిన వాళ్లకు ఏళ్ల తర్వాత కూడా అదే ముందు గుర్తొస్తుంది. దాని ముందు కూర్చుని ఎదురుచూశారు కాబట్టి గుర్తుంది, అంతకంటే గొప్ప వస్తువులను నడుస్తూ దాటేశారు. మీ పిల్లలనూ ఖిల్లాలో అట్లా ఒకచోట ఆపండి చాలు. ఆ అమ్మాయి అడిగిన "ఇల్లేది?" అన్నదాన్నే వచ్చేసారి మొత్తం ట్రిప్‌కు ప్రశ్నగా పెట్టండి. పడి ఉన్న ముక్కల్లో ఏది పైకప్పుది, ఏది స్తంభానిది అని పిల్లలే వెతికి గుడి బొమ్మ గీస్తారు. మన రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఈ తోరణమే కాబట్టి బయల్దేరే ముందు రోజు క్లాసులో అక్కడి నుంచి ఎత్తుకోవచ్చు.

ఏర్పాటు సంగతికొస్తే, మ్యూజియమే బడికి వెళ్లడం మన దేశంలో పాత పద్ధతే. కోల్‌కతాలోని బిర్లా మ్యూజియం వాళ్లు 1965లోనే బస్సులో సైన్స్ ప్రదర్శన పెట్టి పల్లె బడులకు పంపారు. ముంబైలో ఛత్రపతి శివాజీ పేరున ఉన్న పెద్ద మ్యూజియం 2015 నుంచి బస్సు మ్యూజియం నడిపిస్తోంది. బస్సు దాకా పోకుండా మనం ఒక రేకు పెట్టెతో మొదలుపెట్టొచ్చు. శాసనం ఫొటోలు, రాతి ముక్క, మట్టి బొమ్మలు, కథను బొమ్మలుగా గీసే చేర్యాల నకాషీ పటం ఒకటి, ఎట్లా వాడాలో తెలుగులో రెండు పేజీలు. ఒక్కో బడిలో వారం ఉండి ఇంకో బడికి పోతుంది.

హనుమకొండ, పీజీ హిస్టరీ:

మేడమ్, ఆ పెట్టెలో ఒక లెక్క కూడా పెట్టండి, నేను మా తమ్ముడి క్లాసులో చేయించాను, పిల్లలు బాగా కూర్చున్నారు. వేయిస్తంభాల గుడి శాసనంలో శక సంవత్సరం 1084, మాఘ మాసం అని ఉంటుంది. శక సంవత్సరానికి 78 కలపాలని పుస్తకంలో ఉంది కాబట్టి అందరూ 1162 అన్నారు. కానీ మనం చదివేది 1163. ఎందుకంటే శక సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది, మాఘం వచ్చేసరికి ఇంగ్లిష్ క్యాలెండర్‌లో జనవరి వచ్చి కొత్త ఏడు మొదలై ఉంటుంది, కాబట్టి 79 కలపాలి. రామప్ప శాసనంలో శక 1135, చైత్రం. అక్కడ 78 కలిపితే నేరుగా 1213. రెండు గుళ్లు, రెండు లెక్కలు. ఇంటి గోడకున్న పంచాంగం క్యాలెండర్ తెచ్చుకోమంటే ఎవరికి వాళ్లు తేల్చుకుంటారు.

ఇంకోటి, రోజు ఎంచుకోవడం. మ్యూజియం దినోత్సవం మే 18, మనకు బడులుండవు. వారసత్వ దినోత్సవం ఏప్రిల్ 18, పరీక్షల టెన్షన్. నవంబర్ 19 నుంచి 25 దాకా వారసత్వ వారం ఉంటుంది, ఎండ కూడా తక్కువ, పురావస్తు శాఖ వాళ్లను కార్యక్రమం అడగడానికి అదే సరైన అదను. 15 ఏళ్ల లోపు పిల్లలకు ఖిల్లాలో టికెట్ ఎలాగూ లేదు. గుంపుకు ఒకరు చొప్పున కావాలంటే మా క్లాస్‌మేట్స్‌ను అడిగి చూస్తాను. కేంద్రం వాళ్ల విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేని రోజులు అన్నారు కదా, పర్మిషన్ లెటర్‌లో ఆ మాట రాయండి, పనికొస్తుంది.

ఏటూరునాగారం వైపు హెచ్‌ఎం:

అందరూ మంచి మాటలే చెప్పారు. కానీ నాకు కొంచెం కోపం కూడా ఉంది, చెప్పేస్తాను. ఏర్పాట్లన్నీ సిటీ చుట్టూనే ఆలోచిస్తున్నారు. మా పిల్లలు వరంగల్ వచ్చి పోవాలంటే రోజంతా బస్సులోనే గడుస్తుంది, బస్సు కిరాయి ఎవరు పెట్టుకోవాలి, ఆడపిల్లలకు దారిలో టాయిలెట్ ఎక్కడ అన్నదే నాకు మొదటి చింత. తాడ్వాయి అడవిలో దామరవాయి దగ్గర పెద్ద పెద్ద బండలతో కట్టిన ఆదిమ సమాధులున్నాయి, మా దగ్గర రాకాసి గుళ్లు అంటారు. కాకతీయుల కంటే ఎన్నో వందల ఏళ్ల ముందువి. మా పిల్లల్లో కొందరి తాతలు పశువులు మేపుకుంటూ వాటి నీడన కూర్చున్నవాళ్లే. ఆ తాతనే బడికి పిలిచి చెప్పించాను ఒకసారి, అంత నిశ్శబ్దంగా మా ఎనిమిదో తరగతి ఎప్పుడూ లేదు. కాబట్టి ఆ రేకు పెట్టె తయారైతే మొదట మా వైపు పంపండి, సిటీ బడులకు ఖిల్లా ఎటూ దగ్గరే.

కొత్తవాడ:

మా ఇంట్లో జంపఖానాలు నేస్తాం. వరంగల్ జంపఖానాకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అన్న గుర్తింపు వచ్చింది, కానీ మా వాడ పక్క బడి పిల్లలకే మగ్గం ఎట్లా ఆడుతుందో తెలియదు. మగ్గం మీద కూర్చోబెడతాను, ఒక్కో పిల్ల నాలుగు పోగులు నేసి వెళ్లొచ్చు. డబ్బులేం వద్దు, ఒకసారికి పదిమంది కంటే ఎక్కువ రాకుండా చూడండి, ఇల్లు చిన్నది.

సోషల్ మేడమ్, వరంగల్:

అందరికీ చాలా చాలా థాంక్స్. హెచ్‌ఎం సార్, మీరన్న మాట నాకు గట్టిగా తగిలింది. పెట్టె ముందు మీకే పంపుతాను, ఆ తాత గారు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసి మాకు పంపగలరా, మా పిల్లలు కూడా వింటారు.

నవంబర్ మూడో వారానికి అనుకుంటున్నాను. ఖిల్లా ఒక్కటే, మ్యూజియం లేదు. ఒకటే ప్రశ్న, "ఇల్లేది?". మా సైన్స్ సార్ కూడా చేరారు. రామప్ప గోపురం ఇటుకలు నీళ్లలో తేలతాయని పాఠంలో చదివి నమ్మని పిల్లల కోసం, ఇప్పుడు ఇళ్లకు వాడే తేలిక రకం ఏఏసీ ఇటుక ముక్కనూ మామూలు ఎర్ర ఇటుకనూ బకెట్‌లో వేసి చూపిస్తానన్నారు, లోపల గాలి గదులుంటే ఎందుకు తేలుతుందో అక్కడే అర్థమవుతుంది. కొత్తవాడ అన్నా, పదిమంది చొప్పున నాలుగైదు శనివారాలు వస్తాం, ఏ వేళకు రావాలో చెప్పండి. పీజీ తమ్ముడూ, నీ ఫ్రెండ్స్ నలుగురు వస్తే చాలు, కానీ ముందు ఒకసారి మా బడికి వచ్చి పిల్లల్ని చూసి వెళ్లాలి. ఆ అమ్మాయికి కూడా చెప్పాను, ఈసారి తన గుంపుకు తనే లీడర్. హంటర్ రోడ్ వైపు ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే రెండు ఏఏసీ ఇటుక ముక్కలు పక్కన పెట్టండి, నేనే వచ్చి తీసుకుంటాను.