సమస్య: "కారమేయకున్న కంట నీరు" (ఆటవెలది)

చార్మినార్ చందం: ఆదివారం మెహదీపట్నం రైతు బజార్ల ఆలుగడ్డ, పచ్చి బఠాణీ తెచ్చి పిల్లలిద్దరితోని కూర వండించిన, కారం పొడి ఏస్తే తిననని చిన్నది ముందే కండిషన్ పెట్టింది కాబట్టి పసుపు, ధనియాల పొడి, నానబెట్టి రుబ్బిన జీడిపప్పు, చివర్ల కొబ్బరిపాలు, అంతే. పాలు పోసినంక మంట తగ్గియ్యాలె, గలగల మరిగితే విరుగుతయి. బఠాణీలు ఒలిచే డ్యూటీ వాళ్ళదే, సగం గిన్నెలకు సగం నోట్లెకు. కారం లేకున్నా వంటింట్ల ఎవరో ఒకరు ఏడుస్తనే ఉన్నరు, అక్కడ తట్టింది ఈ పాదం. అయిదూ సూర్యగణాలే (గురువు+లఘువు, లేకుంటే మూడు లఘువులు), యతి కా–కం, అంటే పాదం మొదటి అక్షరంతోని నాలుగో గణం మొదటి అక్షరం కలవాలె. ఇది చివరి పాదం, పైన మూడు పాదాలు మీరు పూరించుండ్రి.

ఉప్పల్ ఉల్లిగడ్డ:
ఉల్లిగడ్డ కోయ నుత్సాహపడి చిన్ని
తల్లి కత్తి బట్టి దరికి జేరె
పొరలు విప్పగానె బొటబొట కారెను
కారమేయకున్న కంట నీరు

పద్యాల పిన్ని: ఉల్లిగడ్డ వస్తుందని ముందే అనుకున్నా తమ్ముడూ, నీ పేరే అది కదా. త–ద యతి సరిపోయింది, నడక బాగుంది. కానీ పొరలు విప్పితే కన్నీళ్ళు రావు, కత్తి దిగి లోపలి కణాలు చితికితేనే ఆ గంధకపు ఘాటు లేచి కళ్ళకి తగిలేది. మూడో పాదం "పొట్టు తీసి తరుగ బొటబొట కారెను" అను. అయినా అంత చిన్నపిల్లకి కత్తి ఎందుకిచ్చావయ్యా, బఠాణీలు ఇవ్వకపోయావా!

బోరబండ బాబాయ్: మా ఇంట్ల జరిగిందే రాసిన.
పిల్లలెల్ల మెచ్చి ప్లేట్లు నాకిరి గాని
తాత మూతి ముడిచి తలను దిప్పె
ఆవకాయ యేది యనుచు వెదకె నయ్యొ
కారమేయకున్న కంట నీరు

అన్నట్టు చందం, "వేయకున్న" అనాలె కదా?

చార్మినార్ చందం: నవ్వలేక సచ్చిన బాబాయ్. మన దిక్కు ఏస్తరు, ఏయరు అనే అంటం కదనే, వ్యాకరణం వాళ్ళు కొట్టినా సరే అట్లనే ఉండనీ.

ఉప్పల్ ఉల్లిగడ్డ: "మెచ్చి ప్లేట్లు" కాడ ప్లే సంయుక్తాక్షరం కదా, దాని ముందున్న చి గురువు (బరువుగ పలికే అక్షరం) కాదా? గణం పోయినట్టే కదా.

పద్యాల పిన్ని: పోలేదు. రెండూ వేరు వేరు మాటలు, సమాసం కాదు, చి లఘువే (తేలిక అక్షరం). తాతగారికి మాత్రం చెప్పండి, మిరపకాయ మనకి పోర్చుగీసువాళ్ళతో వచ్చింది, అంతకుముందు ఘాటంటే ఎక్కువగా మిరియమే, అప్పుడు ఏ తాతా ఏడవలేదు.

తొలి పద్యం: మొదటిసారి రాస్తున్నా, తిట్టకండి ప్లీజ్.
చిన్నవాడు గరిట చేతబట్టి కలిపె
అమ్మ నోట ముద్ద పెట్టినాడు
ఉప్పు మరిచెనైన నుబికెను మురిపాన
కారమేయకున్న కంట నీరు

పద్యాల పిన్ని: ఎవరు తిడతారమ్మా, ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు నచ్చింది ఇదే, కన్నీళ్ళకి ఉల్లీ ఘాటూ ఏమీ అక్కర్లేకుండా చేశావు. ఒక్క రెండో పాదంలో యతి తప్పింది, "అ"కి "పె" కుదరదు. "అమ్మ నోట ముద్ద నందజేసె" అంటే ముద్దను + అందజేసె, అ–అ కుదిరింది.

బోరబండ బాబాయ్: ఉప్పు మరిచిన కూరని అమ్మ ఏమనకుండ తిన్నదా, అదే అసలు పద్యం.

తొలి పద్యం: థ్యాంక్యూ పిన్నిగారు, మార్చుకున్నా. తినేసి, గిన్నెలో మిగిలినదాంట్లో వాడు చూడకుండా ఉప్పు కలిపా. వాళ్ళ నాన్న తిని కొంచెం ఎక్కువైంది అన్నాడు.